తీగ చేరని పెంటకు ఏ వెలుగు?

నల్లగొండ జిల్లా మర్రిగూడ నుండి దేవరకొండ మీదుగా దక్షిణమునకు సాగి, డిండి దాటి, అమ్రాబాదు పీఠభూమి నెక్కి నల్లమల అడవిలో ప్రవేశించువారికి ఒక వింత తప్పక కంటబడును. శ్రీశైలమున కృష్ణానది నుండి పుట్టిన విద్యుత్తు ఎత్తైన ఉక్కు స్తంభముల మీదుగా కొండలను లోయలను దాటుకొని హైదరాబాదు దిక్కునకు పోవుచుండును. అచ్చటి ఎడమగట్టు భూగర్భ కేంద్రము స్థాపిత సామర్థ్యము 900 మెగావాట్లు. కుడిగట్టు కేంద్రముది 770 మెగావాట్లు. ఇంతటి శక్తి పుట్టిన అడవిలోనే, దానికి అనతిదూరమున, చెంచు గిరిజనుల చిన్న ఆవాసములైన పెంటలు కొన్ని తరతరములుగా పొయ్యి మంటతోను కిరసనాయిలు బుడ్డితోను రాత్రులు గడపుచు వచ్చినవి. నెత్తిమీద లక్షల వోల్టుల తీగ ఉండగా క్రింద గుడిసెలో చీకటి ఎట్లు మిగిలెను? ఆ తీగ నుండి ఒక పాయ దించి నాలుగు బల్బులు వెలిగించుకొనరాదా? ఈ ప్రశ్న చదువు లేనివాడే కాదు, చదువుకొన్నవాడును అడుగును, అడుగుట న్యాయమును. దీనికి సమాధానము తెలిసినచో, అట్టి పెంటకు సూర్యుడు తగునా, గాలి తగునా, వాగు తగునా, చెట్టు గింజ తగునా అను రెండవ ప్రశ్నకు దారి చిక్కును.

నెత్తిమీది తీగ క్రిందికి దిగదేల?

విద్యుత్తు దూరమునకు పోవునపుడు తీగ వేడెక్కును. ఆ వేడి అంతయు నష్టమే. అదే శక్తిని రెట్టింపు వోల్టేజితో పంపినచో ప్రవాహము సగమగును, నష్టము నాల్గవ వంతునకు దిగును. అందుచేతనే శ్రీశైలము వంటి కేంద్రముల నుండి 2,20,000 వోల్టులతోను, 4,00,000 వోల్టులతోను పంపుదురు. ఇంటి బల్బునకు కావలసినది 230 వోల్టులు మాత్రమే. ఈ రెంటి నడుమనున్న అంతరమును మెట్టు మెట్టుగా దించుటకు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్చులు, రక్షణ యంత్రములు, వాటిని నిలుపుటకు ఎకరముల కొలది భూమి కావలెను. లక్షల కిలోవాట్లను మోయుటకు నిర్మించిన మార్గము నుండి ముప్పది గుడిసెలకు చాలు రెండు మూడు కిలోవాట్లను విడదీయుట అసాధ్యము కాదు గాని, అందుకగు వ్యయమును ఏ లెక్కయు సమర్థింపజాలదు.

కావున పెంటకు రావలసినది ఆ మహామార్గపు విద్యుత్తు కాదు, రోడ్డు ప్రక్క ఊళ్లలో తిరుగు 11,000 వోల్టుల తీగ. అది అడవి లోపలికి పోవలెనన్నచో పొడవునా చెట్లు కొట్టవలెను. అమ్రాబాదు అభయారణ్యము పులుల సంరక్షణ కేంద్రము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము అచ్చట ప్రతి గుంజకును అడ్డు నిలుచును. గాలివానకు చెట్టు కూలి తీగ తెగినచో దానిని సరిచేయు మనిషి చేరుటకే దినములు పట్టును. ఇంతకన్న భయంకరమైనది వేటగాండ్ర పని: రాత్రివేళ తీగకు కొక్కెము తగిలించి, నేలమీద జానెడెత్తున ఇనుపతీగ పరచి అడవిపందులను, దుప్పులను చంపుదురు; ఆ తీగ తగిలి మనుష్యులును చచ్చుచుందురు. అటవీశాఖ సంకోచమునకు హేతువు కలదు. చెంచు తల్లి చీకటిలో బిడ్డకు తేలు కుట్టునేమోయని పడు భయమునకును హేతువు కలదు. ఒక హేతువును చూపి రెండవదానిని కొట్టివేయువారితో నేను ఏకీభవింపను.

దీనికి తోడు ప్రభుత్వపు లెక్కల తీరు ఒకటి. పాఠశాల, పంచాయతి కార్యాలయము వంటి బహిరంగ స్థలములతో పాటు నూటికి పది ఇండ్లకు కనెక్షను ఉన్నచో ఆ గ్రామము విద్యుదీకరణ పొందినట్లేయని 2004లో నిర్వచించిరి. 2018 ఏప్రిలు 28న దేశమందలి గ్రామములన్నిటికిని విద్యుత్తు చేరెనని ప్రకటించిరి. ఆ లెక్క రెవెన్యూ గ్రామములది. పెంట, గూడెము, తండా పేరు పేరున ఆ జాబితాలో ఉండవు. గ్రామమునకు దీపము వచ్చి, గ్రామములో భాగమైన పెంటకు రాకపోయినను లెక్క తప్పదు.

ముందు పని, పిమ్మట మూలము

తీగ రాదని తేలిన పిమ్మట సాధారణముగా జరుగునదేమనగా, ఏ పథకము క్రింద ఏ యంత్రము మంజూరైనదో ఆ యంత్రమును తెచ్చి పెంటలో నిలబెట్టుదురు. ఇది తల్లక్రిందులైన పద్ధతి. మొదట అడుగవలసిన ప్రశ్న సూర్యుడా గాలియా అన్నది కాదు. ఏ పనికి, ఏ వేళకు, ఏ ఋతువునకు, ఎంత శక్తి కావలెనన్నది. దీపము రాత్రి కావలెను. నీటి మోటారు పగలు నడచినను చాలును. టీకా మందులు రేయింబవళ్లు 2 నుండి 8 డిగ్రీల చలువలో ఉండవలెను. పిండిమర వారమునకు రెండు దినములు తిరిగినను ఇబ్బంది లేదు. ఈ నాలుగు పనులకును ఒకే విధమైన ఏర్పాటు చేయబూనుట వలననే సగము ధనము వృథాయగుచున్నది.

పెట్టెలో లెక్క: 30 ఇండ్ల పెంట
ఒక ఇంట 7 వాట్ల ఎల్‌ఇడి బల్బులు నాలుగు, రాత్రి 5 గంటలు వెలిగినచో 140 వాట్‌గంటలు. ఒక ఫ్యాను 10 గంటలు. పాతరకపు సీలింగు ఫ్యాను 75 వాట్లది, 750 వాట్‌గంటలు త్రాగును. నూతన బిఎల్‌డిసి ఫ్యాను 28 వాట్లది, 280తో సరిపెట్టుకొనును. సెల్‌ఫోన్లకు 20. మంచి ఫ్యానుతో ఇంటికి 440 వాట్‌గంటలు. పాత ఫ్యానుతో 910. వేయి వాట్‌గంటలు ఒక యూనిట్టు గనుక, 30 ఇండ్లకు దినమునకు మొదటి లెక్కన రమారమి 13 యూనిట్లు, రెండవ లెక్కన 27. ఫ్యాను మార్చినంత మాత్రమున సౌర ఫలకములు, బ్యాటరీలు రెండును సగమునకు తగ్గును.
వంట ఈ లెక్కలో లేదు. కరెంటు పొయ్యి మీద వండినచో ఇంటికి దినమునకు రెండు మూడు యూనిట్లు కావలెను. అనగా దీపము, ఫ్యాను, ఫోను అన్నియు కలిపినదానికి ఐదారు రెట్లు.

ఈ చివరి అంకె గమనింపదగినది. శక్తి అనగానే దీపము మనస్సున మెదలును గాని, గృహస్థుని శక్తి వ్యయములో అధికభాగము పొయ్యిదే. దానిని విద్యుత్తుతో తీర్చబూనినచో పెంట చుట్టును ఫలకములతో నింపవలసివచ్చును. కట్టెపుల్లను పొగ లేకుండ, తక్కువగా కాల్చు పొయ్యియో, పశువులు ఉన్నచోట గోబరు గ్యాసో, గ్యాసు సిలిండరో ఆ పనికి తగును. వెలుగునకు ఒక మార్గము, వేడికి వేరొక మార్గము అని మొదటనే విడదీసికొన్నవారు సగము సమస్యను దాటినట్లే.

మర్రిగూడ నీరు చెప్పు సంగతి

మా మర్రిగూడ మండలమునకు విద్యుత్తు ఎన్నడో వచ్చినది. కాని పనిని ఆలోచింపక శక్తిని తెచ్చుకొన్నచో ఏమగునో ఈ ప్రాంతము చక్కగా చూపును. నాగార్జునసాగర్ కాలువ పారు భూములకంటె మా మెరక ఎత్తున నున్నది. ఆధారము వాన, చెరువు, బావి. బోరు మోటార్లు వచ్చి, సంవత్సర సంవత్సరమును లోతునకు దిగిన కొలది, గ్రానైటు రాతితో చిరకాల సంపర్కము గల నీరు పైకి వచ్చెను. ఆ రాతిలోని ఫ్లోరైడు ఆ నీట కరగి యుండును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటినచో హానికరమగు ఆ ద్రవ్యము మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతములలో ఎందరి పండ్లను గారపట్టించి, ఎముకలను వంచినదో ఈ నేలవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ నీటిని శుద్ధిచేయుటకు రెండు దారులు కలవు. ఒకటి, అధిక పీడనముతో నీటిని సన్నని పొరగుండ నెట్టు ఆర్‌ఓ యంత్రము. దానికి మోటారు కావలెను, ఎడతెగని విద్యుత్తు కావలెను. పైగా పోసిన నీటిలో పెద్ద భాగము ఉప్పునీరై వ్యర్థముగా పోవును. రెండవది, నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ, నీరీ, 1970ల దశకమున రూపొందించి మన జిల్లా పేరనే ‘నల్లగొండ పద్ధతి’ అని పిలిచినది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగు పాళ్లలో కలిపి, బాగుగ త్రిప్పి, తేరనిచ్చి, పైనీటిని వడగట్టుదురు. పటిక ముద్దగట్టి అడుగునకు దిగునపుడు ఫ్లోరైడును వెంట తీసికొనిపోవును. ఇందుకు కావలసిన శక్తి చేతితో త్రిప్పుట; పెద్ద తొట్టికైనను చిన్న మోటారు చాలును. పాళ్లు తప్పినచో నీట అల్యూమినియము మిగులును, అడుగు బురదను ఎక్కడ పారవేయవలెనన్న చిక్కును ఉండును, నిర్దోషమని చెప్పను. ఐనను ఒకే పనిని ఒక మార్గమున యంత్రశక్తితోను, మరొక మార్గమున రసాయనమును, ఓపికను కూర్చియు సాధింపవచ్చునన్న విషయమును తీగ లేని ఊరివారు మరువరాదు.

నీరు తోడుటలోను ఇట్టి సౌలభ్యమే కలదు. 50 మీటర్ల లోతు నుండి 10,000 లీటర్ల నీటిని ఎత్తుటకు, పంపు నష్టములతో కలిపి, మూడున్నర యూనిట్లు చాలును. ఒక కిలోవాట్ ఫలకములు ఎండ దినమున ఆపాటి శక్తి నిచ్చును. సూర్యుడున్నప్పుడు పంపు నడచి ఎత్తైన ట్యాంకు నింపినచో, రాత్రి కుళాయి తిప్పుటకు బ్యాటరీతో పనిలేదు. ఇచ్చట దాచినది విద్యుత్తును కాదు, నీటిని. సౌరశక్తితో నడచు టీకాల శీతలయంత్రములు కొన్ని ఇదే ఉపాయమున పగలు మంచును గడ్డకట్టించి, రాత్రి ఆ మంచు చలువతోనే మందులను కాపాడును. విద్యుత్తును దాచుట ఖరీదైన పని. దాని ఫలమును దాచుట చౌక.

ఎండ

అమ్రాబాదు, దేవరకొండ, మర్రిగూడ ప్రాంతములలో చదరపు మీటరు నేలపై సంవత్సరపు సగటున దినమునకు ఐదు యూనిట్లకు పైబడిన సూర్యశక్తి పడును. నేటి ఫలకము అందులో ఐదవ వంతును విద్యుత్తుగా మార్చును. ఎట్లు మార్చును? సిలికాను పొరలో ఒక ప్రక్క ఎలక్ట్రానులు కొంచెము అధికముగాను, రెండవ ప్రక్క కొంచెము తక్కువగాను ఉండునట్లు వేర్వేరు ద్రవ్యములను అణుమాత్రముగా కలుపుదురు. రెండు ప్రక్కలు కలియుచోట స్థిరమైన విద్యుత్ క్షేత్రము ఏర్పడును. వెలుగు సోకి బంధము వీడిన ఎలక్ట్రానును ఆ క్షేత్రము ఒకే దిక్కునకు త్రోయును. బయటి తీగ గుండా అది తిరిగి రావలసివచ్చును. ఆ రాకయే ప్రవాహము. కదలు భాగము లేదు, అరుగుట లేదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1954లో తొలి ఉపయుక్తమైన సిలికాను ఘటమును చూపినపుడు అది నూటికి ఆరు వంతుల కాంతిని మాత్రమే మార్చగలిగెను.

వెలుగు ఎలక్ట్రానును కదల్చును గాని వేడి కదల్చదు. వేడి ఫలకమునకు శత్రువు. 25 డిగ్రీల వద్ద కొలిచిన సామర్థ్యము, ప్రతి డిగ్రీ పెరిగిన కొలది నూటికి సుమారు 0.4 వంతు తగ్గును. మే మాసపు మధ్యాహ్నమున ఫలకము 65 డిగ్రీలకు చేరినచో ఆరింట ఒక వంతు శక్తి పోయినట్లే. రోహిణి ఎండ చూచి ‘ఇపుడు కరెంటు పొంగిపొరలును’ అనుకొనుట పొరపాటు. ఫిబ్రవరి, మార్చి మాసములు ఫలకమునకు హితమైనవి. ఫలకమునకు నేలకు నడుమ గాలి ఆడునట్లు జానెడు ఎడము విడువవలెననుట ఇందుకే.

రెండవ శత్రువు నీడ; అడవిలో ఇదియే ప్రధానము. ఫలకములోని ఘటములు ఒకదాని వెంట ఒకటి వరుసగా కూర్చబడి యుండును. అన్నిటి గుండా ఒకే ప్రవాహము పోవలెను. ఒక మోదుగాకు రాలి ఒక ఘటమును కప్పినచో ఆ వరుస అంతయు దాని బలహీనతకు దిగును. డయోడు అను చిన్న ఉపకరణము ఆ భాగమును తప్పించి ప్రవాహమును పోనిచ్చును గాని, మూడవ వంతు శక్తి అంతటితో పోవును. చెంచులు గుడిసెను చెట్టు నీడన కట్టుకొనుట ఎండ నుండి తప్పించుకొనుటకు. అదే గుడిసె కప్పుమీద ఫలకము పెట్టినచో సగము దినము నీడలోనే గడచును. కావున పెంట నడుమనున్న బట్టబయలు స్థలమున స్తంభము పాతి, దక్షిణముఖముగా, ఈ అక్షాంశమునకు తగినట్లు పదునారు పదునేడు డిగ్రీల వాలున నిలుపుట మేలు. వారమునకొకసారి తడిగుడ్డతో తుడుచుట, పైకి వంగు కొమ్మను నరకుట మాత్రమే దాని సేవ.

బ్యాటరీ అనెడి చెరువు

సౌరవ్యవస్థ చెడినదని వినబడినపుడు చాలవరకు చెడినది ఫలకము కాదు, బ్యాటరీ. తెలంగాణ రైతునకు ఈ సంగతి చెరువు మూలమున సులభముగా బోధపడును. ఫలకము పరివాహక ప్రాంతము, బ్యాటరీ చెరువు, ఇంటి దీపములు ఆయకట్టు. వాన పడిన దినమునే మడి పారదు. చెరువు నిలిపి ఉంచి పారించును. చెరువునకు మించిన ఆయకట్టు పెట్టినచో చివరి మడి ఎండును. పరివాహకమునకు మించిన చెరువు త్రవ్వినచో ఎన్నడు నిండదు. నిండినపుడు అలుగు పారుటకు, అడుగంటక మునుపే తూము మూయుటకు ఒక ఏర్పాటు కావలెను. చార్జి కంట్రోలరు అను చిన్న పెట్టె ఈ రెండు పనులును చేయును. దానిని తప్పించి తీగను నేరుగ బ్యాటరీకి కలుపుకొని టీవీ చూచినవాడు తూము పగులగొట్టి నీరు పారించుకొన్నవానితో సమానము. ఇక పూడిక యొకటి. సీసపు బ్యాటరీ ఖాళీయగునపుడు దాని పలకల మీద సీసపు సల్ఫేటు పొర ఏర్పడును. వెంటనే తిరిగి నింపినచో ఆ పొర కరగును. ఖాళీగా దినముల తరబడి విడిచినచో గట్టిపడి, పూడిన చెరువువలె, ఎంత నింపినను కొంచెమే పట్టును.

సగమునకు మించి ఖాళీ చేయరాదన్న నియమమును పాటించి, మబ్బు పట్టిన రెండు దినములకు సరిపడ నిలువ ఉంచవలెనన్నచో, మన 440 వాట్‌గంటల ఇంటికి 12 వోల్టుల, 150 ఆంపియర్‌గంటల సీసపు బ్యాటరీ కావలెను. పట్టణములో ఇన్వర్టరుకు వాడు బరువైన బ్యాటరీయే అది. దాని మీది ఆరు మూతలు విప్పి చూచినచో ఏడాదిలోనే దాని గతి తెలియును. ద్రవము పలకల పైయంచు కన్న దిగి, బయటపడిన భాగము తెల్లబడి యుండును. తీగ బిగించిన మొనపై తెల్లని, పచ్చని పొడి పేరుకొని యుండును. పోయవలసినది డిస్టిల్డ్ నీరు. అది పెంటలో దొరకదు గనుక బోరునీరు పోయుదురు; ఆ నీటిలోని లవణములు పలకలను తినివేయును. లిథియము ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీకి ఈ నీటి బెడద లేదు. నిలువలో నూటికి ఎనుబది వంతుల వరకు వాడుకొనవచ్చును గనుక తక్కువ పరిమాణముతో సరిపోవును. ఎక్కువ ఏండ్లు మన్నును. చెడినచో పెంటవారు బాగుచేసికొనలేరన్నది దాని లోపము. అడవిలోపలి ఇంటికి రెంటిలో ఏదియని నన్నడిగినచో, లిథియముదే ననెదను. మనుష్యుని ఏమరుపాటును అది సీసముకంటె అధికముగా సహించును.

గాలి, వాగు

గాలిమర విషయమున ఒక నియమము తెలిసినచో చాలును: గాలి వేగము రెట్టింపైనచో అందులోని శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలగును. కారణము సులభము. వేగము రెట్టింపైన గాలిలో ప్రతి కణమునకు నాలుగింతల శక్తి. పైగా అదే సమయములో మర గుండా పోవు గాలియు రెట్టింపు. ఈ నియమము దయగలది కాదు. వేగము సగమైనచో శక్తి ఎనిమిదవ వంతునకు కూలును. సెకనుకు నాలుగు మీటర్ల గాలిలో రెండు మీటర్ల వ్యాసము గల చిన్న మర ఇచ్చునది నలుబది వాట్లలోపే, అనగా ఒక్క ఫ్యాను నడచుట. శ్రీసత్యసాయి జిల్లా రామగిరి కొండల మీద బారులు తీరిన గాలిమరలు నిలిచినవన్నచో, అచ్చటి బోడికొండలు, వాటి నడుమ దూసుకొనివచ్చు నైఋతి పవనములు కారణము. నల్లమల లోపల చెట్ల తలలు గాలిని చీల్చి సుడులు చేయును. మర వాటికన్న ముప్పది అడుగుల పైన నిలిచిననే గాని పనిచేయదు. పెంటకు గాలిమర తగదని నిస్సంశయముగా చెప్పవచ్చును. మర్రిగూడ, దేవరకొండ వైపు బోడిగుట్టల మీద, ఆషాఢ శ్రావణముల మబ్బు దినములలో ఎండ తగ్గి గాలి హెచ్చును గనుక, ఎండకు తోడుగా ఆలోచింపవచ్చును. అదియు ఒక ఏడాది గాలి వేగమును కొలిచిన పిదపనే.

వాగు కథ వేరు. సెకనుకు ఐదు లీటర్ల నీరు 20 మీటర్ల ఎత్తు నుండి గొట్టము గుండా దిగి చిన్న టర్బైనును త్రిప్పినచో, నష్టములు పోగా 500 వాట్లు చిక్కును. అది స్వల్పముగా కనబడును. కాని వాగు రాత్రియనక పగలనక ఇరువదినాలుగు గంటలు పారును గనుక దినమునకు 12 యూనిట్లు, పగటి శక్తిని కొంత రాత్రికి నిలుపుకొన్నచో ఇంచుమించు మన 30 ఇండ్ల పెంటకు చాలినంత. వినుటకు ఇంతకు మించిన మార్గము లేదు. కాని మల్లెలతీర్థము వానకాలమున చూచినవారు వేసవిలో మరల చూడవలెను: హోరెత్తిన జలపాతము సన్నని ధారయై, కొన్ని ఏండ్లు అదియు లేక, రాతిపై తడి మాత్రమే మిగులును. నల్లమల వాగులు వానమీద బ్రతుకు వాగులు, డిండియు అంతే. ఫ్యాను ఎక్కువగా కావలసిన ఏప్రిలు మే మాసములలోనే వాగు ఎండును. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో ఏడాది పొడవునా పారు సెలయేళ్లున్న గూడెములకు నేను మొదట వాగునే చూడుమందును. నల్లమలలో కడపట చూడుమందును.

కానుగ గింజ

చెట్టు నుండియు విద్యుత్తు పుట్టును. ఇది మన తెలుగునేలపై నిజముగా జరిగినది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఉడుపి శ్రీనివాస గారు కానుగ నూనెను మార్పు చేయకయే డీజిలు ఇంజనులో వాడవచ్చునని చూపి, గ్రామములకు ఆ మార్గమును ప్రచారము చేసిరి. ఆదిలాబాదు ఏజెన్సీలోని గోండు గూడెములలో ఆ నూనెతో జనరేటరు నడపి దీపములు వెలిగించిరి. అదే ఏజెన్సీలోని పవర్‌గూడ మహిళాసంఘము కానుగ గింజ నూనె తీసి, డీజిలుకు బదులుగా దానిని వాడుట వలన పది సంవత్సరములలో తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు ప్రతిఫలముగా 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు నుండి 645 డాలర్లు పొందెను. మొత్తము చిన్నది కావచ్చును. అడవి బిడ్డలు నాటిన చెట్టు లోకపు గాలికి చేసిన మేలునకు వెల కట్టి చెల్లించిరన్నది చిన్న సంగతి కాదు.

ఐనను లెక్క తప్పదు. నాలుగు కిలోల గింజకు సుమారు ఒక లీటరు నూనె. లీటరు నూనెకు చిన్న జనరేటరు మూడు యూనిట్లు. మన పెంట 13 యూనిట్లకు దినమునకు పదునెనిమిది కిలోల గింజ, ఏడాదికి ఆరున్నర టన్నులు కావలెను. చెట్టుకు ఇరువది కిలోల లెక్కన మున్నూటికి పైగా కాపుకు వచ్చిన చెట్లు. నాటిన చెట్టు బాగుగ కాయుటకు ఐదారేండ్లు. ఏరుట, ఎండబెట్టుట, గానుగాడుట ఎవరి కష్టమో అదియు లెక్కలోనిదే. సాధారణముగా అది స్త్రీలదే. కావున కానుగ నిత్యదీపమునకు కాక, మబ్బు కమ్మిన వారమునకు, పెండ్లికి, పిండిమరకు నిలువ ఉంచుకొనదగిన ఇంధనము. తెలగపిండివలె మిగులు కానుగచెక్క చేనికి మంచి ఎరువు.

గోబరు గ్యాసును గూర్చి కొంచెమే చెప్పవలసి యున్నది. నాలుగైదు పశువుల పేడ, దినమునకు ఏబది కిలోలు, ఒక ఇంటి పొయ్యిని వెలిగించును. పాడి గల మర్రిగూడ రైతింటికి అది అన్ని విధముల యుక్తము. పశుసంపద స్వల్పమైన చెంచు పెంటకు కాదు.

ఆరవ ఏడు

ఇంతవరకు చెప్పినదానిని బట్టి నల్లమల పెంటకు ఎండయే ప్రధానమని తేలుచున్నది. ప్రభుత్వములును ఆ దారినే ఎన్నుకొన్నవి. 2017 సెప్టెంబరులో ఆరంభమైన సౌభాగ్య పథకము తీగ పోని ఇండ్లకు 200 నుండి 300 వాట్ల ఫలకము, బ్యాటరీ, ఐదు ఎల్‌ఇడి బల్బులు, ఒక డిసి ఫ్యాను, ఒక ప్లగ్గు, వీటికి ఐదేండ్ల మరమ్మతు నిర్ణయించెను. చెంచుల వంటి అతిదుర్బల గిరిజన సమూహముల కొఱకు 2023 నవంబరు 15న ఆరంభించిన పిఎం జన్‌మన్ కార్యక్రమమున ఇంటికి 300 వాట్ల సౌరవ్యవస్థ కలదు. 300 వాట్ల ఫలకము మంచి దినమున ఒక యూనిట్టుకు పైగా, మబ్బు దినమున అరయూనిట్టుకు దిగువగా ఇచ్చును. మన 440 వాట్‌గంటల ఇంటికి ఇది చక్కగా సరిపోవు కొలత.

ఐతే ఆ ఐదేండ్ల గడువును మరల చూడుడు. సీసపు బ్యాటరీ ఆయుస్సు మూడు నుండి ఐదేండ్లు. ఫలకము ఇరువదియైదేండ్లు నిలుచును. గుత్తేదారు బాధ్యత తీరు నాటికి బ్యాటరీయు తీరును. ఆరవ ఏట ఇరువది సంవత్సరముల ఆయుస్సు మిగిలిన ఫలకము క్రింద కుటుంబము చీకటిలో కూర్చుండును. మూలమును ఎన్నుకొనుట యనగా ఈ ఆరవ ఏటిని ఎన్నుకొనుటయే యని నా దృఢమైన అభిప్రాయము.

పరిష్కారము యంత్రములో లేదు, ఏర్పాటులో నున్నది. రాజస్థానములోని తిలోనియాలో 1972లో స్థాపితమైన బేర్‌ఫుట్ కళాశాల, అక్షరము రాని పల్లెటూరి స్త్రీలకు సౌరయంత్రముల కూర్పు, మరమ్మతు నేర్పి పంపుచున్నది. పెంటకొక చెంచు యువతిని అట్లు తీర్చిదిద్ది, ఆమెకు నెలజీతమును, ఒక మల్టీమీటరును, కొన్ని విడిభాగములను ఇచ్చినచో, అచ్చంపేట పట్టణము నుండి మెకానిక్కు వచ్చువరకు ఎదురుచూచుట తప్పును. ఆ జీతమునకు, కొత్త బ్యాటరీకి సొమ్ము నెలనెలా వసూలు చేయబూనుట చెంచుల బ్రతుకు తెలియనివారి ఆలోచన. వారి చేతికి డబ్బు తేనె తీసిన కాలమున, బంక ఏరిన కాలమున వచ్చును. గిరిజన సహకార సంస్థ డిపోలో తేనె తూచి డబ్బు ఇచ్చునపుడే, వారి అంగీకారముతో, ఒక చిన్న భాగమును పెంట పేర బ్యాటరీ నిధికి జమకట్టి, అంతే మొత్తమును ప్రభుత్వము కలిపినచో ఆరవ ఏటికి నిధి సిద్ధముగా ఉండును.

ఇండ్లకు వేర్వేరుగా ఇచ్చుటయా, పెంటకంతకు ఒకటే పెట్టుటయా అను ప్రశ్న మిగిలినది. గుడిసెలు దగ్గరగానుండి, పిండిమర, బడి, నీటి పంపు ఉన్నచోట ఉమ్మడి కేంద్రము లాభము. ఐతే ఇంటింటికి దినపు వాడకమును నియమించు మీటరు లేనిచో ఒకరి టీవీ పదిమంది దీపములను ఆర్పును. గుడిసెలు చెదరియున్నచోట, కుటుంబములు తేనె కాలమున అడవిలోనికి తరలిపోవుచోట, ఇంటికొక ఫలకమును, వెంట తీసికొనిపోదగిన ఒక సౌరలాంతరును ఇచ్చుట మేలు. ఏది కావలెనో పెంట పెద్దలతో కూర్చుండి నిర్ణయింపవలసినదే గాని, హైదరాబాదున టెండరు పత్రములో వ్రాయదగినది కాదు.

ఆ పత్రములో మాత్రము ఒక షరతు తప్పక వ్రాయవలెను. చచ్చిన సీసపు బ్యాటరీలో సీసమును గంధకామ్లమును ఉండును. గుడిసె వెనుక పడవేసినచో వానకు అవి పెంటవారు త్రాగు వాగులోనికే చేరును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు పాతవాటిని తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టినవి. కొత్త బ్యాటరీని తెచ్చిన బండియే పాతదానిని ఎక్కించుకొని అడవి ముఖద్వారమైన మన్ననూరు దాటినదని పెంటలోని ఆ సౌరకార్యకర్త సంతకము చేసిన పిదపనే గుత్తేదారునకు బిల్లు చెల్లింపవలెను.